ల్యాబ్‌లో సరిగా వచ్చే మలేరియా ర్యాపిడ్ కిట్ గూడెంలో ఎందుకు తప్పుతుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మీ బృందం తయారుచేసిన మలేరియా స్ట్రిప్ ల్యాబ్‌లో అనుకున్నట్టే పనిచేస్తోంది. అదే కిట్‌ను ఏజెన్సీ మండలాల్లో ఆశా కార్యకర్తల చేతికిస్తే కొన్ని చెల్లకుండా పోతున్నాయి. కొన్ని నెగెటివ్ చూపించాక పీహెచ్‌సీలో రక్తపూత పాజిటివ్ వస్తోంది. శిక్షణ పెంచాలా, ఫోన్ కెమెరాతో ఫలితం చదివే యాప్ చేయాలా అని అడిగారు.

రెండూ ఇప్పుడే వద్దు. ముందు తప్పిన కేసెట్లను (స్ట్రిప్ ఉన్న ప్లాస్టిక్ డబ్బీలను) వెనక్కి తెప్పించండి. "కిట్ సరిగా పనిచేయడం లేదు" అన్న ఒక్క ఫిర్యాదులో నాలుగైదు వేర్వేరు కారణాలు కలిసిపోయి ఉంటాయి. కేసెట్‌ను జాగ్రత్తగా చూస్తే సగం విషయం అక్కడే తెలుస్తుంది.

సి గీత (పరీక్ష నడిచిందని చూపే కంట్రోల్ గీత) అసలు రాలేదంటే అనుమానాలు మూడు. బఫర్ (రక్తాన్ని స్ట్రిప్ వెంట నడిపే ద్రవం) చాలలేదు. లేదా బఫర్‌ను రక్తం వేసే గుంటలో పోశారు. లేదా తేమ తగిలి, కాంజుగేట్ ప్యాడ్‌లో యాంటీబాడీ అంటించి ఆరబెట్టిన బంగారు నానో రేణువులు ముద్దకట్టాయి. ముద్దకడితే ఎరుపు పోయి ఊదా, నీలం వైపు తిరిగిన మరక ప్యాడ్ దగ్గరే ఉండిపోతుంది. బఫర్ చాలకపోతే ఎర్రటి అంచు మెంబ్రేన్ (గీతలుండే తెల్ల పొర) మధ్యలో ఆగిన జాడ కనిపిస్తుంది. ఫలితం చూసే కిటికీ మొత్తం ఎర్రగా ఉండిపోయిందంటే రక్తం ఎక్కువైంది, లేదా బఫర్ తగ్గింది, లేదా తొందరపడి చదివారు. ప్రతి కేసెట్‌లోనూ పలచని టి గీత (మలేరియా ఉందని చూపే టెస్ట్ గీత) కనబడుతోందంటే బఫర్ అయిపోయి నీళ్లో సెలైనో వాడి ఉంటారు, లేదా గంటల తర్వాత చూసి ఉంటారు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది చివరిది: సి గీత చక్కగా ఉంటుంది, టి గీత ఉండదు, మనిషికి మాత్రం మలేరియా ఉంటుంది. ఇక్కడ ఇంజినీర్లు కూడా పొరబడతారు. సి గీత వచ్చిందంటే ద్రవం పారింది, కాంజుగేట్ కదిలింది అని మాత్రమే. టి గీత మీద అద్దిన యాంటీబాడీ బతికే ఉందని అది చెప్పదు. కేసెట్‌లో పడిన రక్తం సరిపోయిందనీ చెప్పదు. మలేరియా పరాన్నజీవుల్లో వైవాక్స్, ఫాల్సిపారమ్ అని రెండు ముఖ్య రకాలు. వైవాక్స్ ప్రోటీన్‌ను పట్టే పీఎల్‌డీహెచ్ గీత సాధారణంగా ఫాల్సిపారమ్ ప్రోటీన్‌ను పట్టే హెచ్‌ఆర్‌పీ2 గీత కంటే వేడికి ముందుగా దెబ్బతింటుంది. కాబట్టి ఎండకు పాడైన కిట్ కూడా మంచి సి గీత చూపిస్తూ వైవాక్స్‌ను వదిలేయగలదు. మీ దగ్గరికొచ్చిన తప్పుడు నెగెటివ్‌లు వైవాక్స్‌వా, ఫాల్సిపారమ్‌వా అని ముందు విడదీయండి. వైవాక్స్ వైపే మొగ్గుతుంటే వేడిని అనుమానించండి. రెండూ సమానంగా తప్పుతుంటే రక్తం పరిమాణాన్ని చూడండి.

తిరిగొచ్చే ప్రతి కేసెట్ మీద నాలుగు వివరాలుండాలి: లాట్ (తయారీ బ్యాచ్) నంబరు, మొదలుపెట్టిన సమయం, చదివిన సమయం, అంతకుముందు కిట్‌ను ఎక్కడ ఉంచారు. ఈ నాలుగూ లేని కేసెట్ నుంచి మీకు తెలిసేది తక్కువ.

ఇక డిజైన్ సంగతి. మీ కాగితాల్లో కిట్ అంటే శాంపిల్ ప్యాడ్, కాంజుగేట్ ప్యాడ్, నైట్రోసెల్యులోజ్ మెంబ్రేన్, చివర ద్రవాన్ని పీల్చుకునే అబ్సార్బెంట్ ప్యాడ్. ఆశా కార్యకర్తకు కిట్ అంటే పౌచ్ చింపడం నుంచి మాత్రల ప్యాకెట్ చేతికిచ్చేదాకా ఉన్న పదిహేను పదహారు పనులు. గడువు చూడాలి, పౌచ్ చింపాలి, పేరు రాయాలి, వేలు తుడవాలి, ఆరనివ్వాలి, గుచ్చాలి, రక్తం ఎత్తాలి, గుంటలో ఆనించాలి, సూది పారేయాలి, బఫర్ వేయాలి, ఆగాలి, చదవాలి, రిజిస్టరులో ఎక్కించాలి. ఇవన్నీ అరుగు మీద, బల్ల లేకుండా, తల్లి ఒడిలో కాళ్లు తన్నుకుంటున్న పిల్లాడితో, పక్కన ఇంకో నలుగురు మాట్లాడుతుండగా. ఒక్కో పనిలో 2 శాతం తప్పు జరిగినా, పదిహేను పనులు ఏ తప్పూ లేకుండా పూర్తయ్యేది 74 శాతం సార్లే. స్ట్రిప్ సున్నితత్వాన్ని (జబ్బును పట్టే శక్తిని) ఇంకో రెండు శాతం పెంచడానికి మీరు పెట్టే ఆర్నెల్ల కష్టం ఈ లెక్క ముందు నిలవదు.

ఒక్కో పనికీ మూడు ప్రశ్నలు వరసగా వేసుకోండి. ఈ పనిని తీసేయగలమా? తీయలేకపోతే, తప్పుచేసినా ఫలితం మారకుండా చేయగలమా? అదీ కుదరకపోతే, తప్పు జరిగిందని అప్పటికప్పుడు కంటికి కనిపించేలా చేయగలమా? ఈ మూడూ అయ్యాక మిగిలినదే కరపత్రానికీ శిక్షణకూ వదలాలి. చాలా బృందాలు దీన్ని తలకిందులుగా చేస్తాయి.

రక్తం: 5 మైక్రోలీటర్ల గొడవ

ఎక్కువ కిట్లు 5 మైక్రోలీటర్లు అడుగుతాయి. కంటికి అది ఆవగింజంత చుక్క. ఆశా కార్యకర్త దాన్ని దేనితో ఎత్తుతుందన్నదే మీ కిట్ భవిష్యత్తును తేలుస్తుంది. బల్బున్న ప్లాస్టిక్ పిపెట్ ఇస్తే మూడు పనులు ఒకేసారి చేయాలి: నొక్కాలి, చుక్కలో ముంచాలి, గీత దగ్గర ఆగేలా మెల్లగా వదలాలి. చేయి వణికితే గీత దాటుతుంది, గాలి బుడగ చేరుతుంది. వదిలేటప్పుడు సగం గొట్టంలోనే ఉండిపోతుంది. తీగ లూప్ చవక, కానీ పక్కకు వంచితే చుక్క జారుతుంది. సన్న గాజు గొట్టం కొలతకు మంచిదే, విరిగితే చేతిలో గుచ్చుకుంటుంది. నైజీరియా, ఫిలిప్పీన్స్, ఉగాండాల్లో ఆరోగ్య కార్యకర్తలతో ఈ పరికరాలను పోల్చి చూసిన అధ్యయనం 2011లో వెలువడింది. అందులో తిరగేసిన చిన్న కప్పు ఆకారపు ప్లాస్టిక్ పరికరం కచ్చితత్వంలోనూ, వాడేవాళ్ల ఇష్టంలోనూ ముందు నిలిచింది. కారణం సులువే. కప్పు నిండాక ఇక ఎక్కించుకోదు, ప్యాడ్‌కు ఆనించగానే ప్యాడే పీల్చుకుంటుంది. ఆమె నిర్ణయించాల్సింది ఏమీ లేదు. రక్తం ఎత్తే పరికరం మీద పైసలు మిగుల్చుకుందామని చూడకండి.

పరికరం ఎంత రక్తం ఇస్తోందో మీరే కొలవండి. రక్తంతో మొదలుపెట్టనక్కర్లేదు. బరువులో 40 శాతం గ్లిసరిన్ కలిపిన నీళ్ల చిక్కదనం రక్తానికి దగ్గరగా ఉంటుంది. అందులో తెలిసిన గాఢతలో ఫుడ్ కలర్ కలిపి, ఆ పరికరంతో ఆశా కార్యకర్తల చేతే శాంపిల్ ప్యాడ్ మీద వేయించండి. ప్యాడ్‌ను 1 మిల్లీలీటరు నీళ్లలో నానబెట్టి స్పెక్ట్రోఫొటోమీటరులో రంగు చదివితే ఎన్ని మైక్రోలీటర్లు పడ్డాయో వస్తుంది. నేరుగా తూకం వేద్దామనుకుంటే 5 మైక్రోలీటర్లంటే దాదాపు 5 మిల్లీగ్రాములే. ఫ్యాన్ గాలికి కళ్ల ముందే ఆరిపోతుంది, లెక్క తప్పుతుంది.

సగటు చూసి సంతోషపడొద్దు. కనిష్ఠం, గరిష్ఠం చూడండి. కిట్‌ను 2.5, 5, 10 మైక్రోలీటర్ల దగ్గర మూడు రకాలుగా నడపండి: సగం, సరైనది, రెట్టింపు. మైక్రోలీటరుకు 200 పరాన్నజీవులున్న నమూనా సగం రక్తంతోనూ కనబడాలి. రెట్టింపు రక్తంతో కిటికీ 15 నిమిషాల్లో తెల్లబడాలి. తెల్లబడకపోతే శాంపిల్ ప్యాడ్‌ను ఎర్రకణాలను పట్టి ఉంచే రకానికి మార్చండి, లేదా బఫర్ ఒక చుక్క పెంచండి.

స్పిరిట్ దూది కూడా ఇక్కడ ఒక భాగమే. వేలు తుడిచిన వెంటనే గుచ్చితే తడి మీద రక్తం గుండ్రని చుక్కగా నిలవదు, చర్మం మీద పాకిపోతుంది. ఎత్తడానికి ఏమీ దొరకదు, వేలు పిండుతారు. అరనిమిషం ఆరనివ్వాలి. ఆ అరనిమిషాన్ని వేరే పనితో నింపేలా వరస మార్చండి: ముందు వేలు తుడవడం, తర్వాత కేసెట్ మీద పేరు రాయడం, ఆ తర్వాత గుచ్చడం. ఆగమని రాసిన సూచన కంటే ఇది నమ్మదగినది, ఎందుకంటే ఆగడం అనే పనే లేకుండా పోయింది.

బఫర్

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ బయట పాడయ్యే కిట్లలో పెద్ద వాటా దీనిదే. 25 పరీక్షలకు ఒక సీసా ఇచ్చే పద్ధతిలో మూడు చిక్కులున్నాయి. సీసాను నిట్టనిలువుగా పడితే చుక్క ఒక పరిమాణం, వాలుగా పడితే ఇంకో పరిమాణం. చుక్కలో గాలి బుడగ ఉంటే లెక్కలో నాలుగు, కొలతలో మూడే. అన్నిటికంటే ముఖ్యం, కిట్లు ఐదు మిగిలుండగానే సీసా అయిపోతుంది. అప్పుడు ఇంకో కంపెనీ సీసా, లేదా నీళ్లు. ఆ బఫర్‌లో లవణాలు, డిటర్జెంట్, ప్రోటీన్ మీ యాంటీబాడీకి సరిపడేలా కలిపారు. నీళ్లు వేస్తే బంగారు రేణువులు టి గీతకు ఊరికే అంటుకుని దొంగ పాజిటివ్ వస్తుంది. సీసాయే ఇవ్వాలనుకుంటే కనీసం 30 శాతం అదనంగా నింపండి. బఫర్ మొత్తం కిట్‌లో అతి చవకైన భాగం.

ఒక్కో పరీక్షకు ఒక్కో చిన్న ఆంప్యూల్ (సీలు వేసిన ప్లాస్టిక్ గొట్టం) మేలు. "మొత్తం పిండండి" అంటే సరిపోవాలి, చుక్కలు లెక్కపెట్టే పని పోతుంది. కానీ ఆంప్యూల్‌కు దాని చిక్కు దానికుంది. పాలిథిన్ గోడలోంచి నీటి ఆవిరి మెల్లగా బయటికి పోతుంది. వేసవిలో గదిలో ఉంచితే నెలల్లో కొలత తగ్గి, లవణాలు చిక్కబడతాయి. అలాగని దాన్ని స్ట్రిప్ ఉన్న పౌచ్‌లోనే పెడితే పోయిన ఆవిరి స్ట్రిప్‌ను తడుపుతుంది, సిలికా జెల్ దాన్ని పీల్చి అలసిపోతుంది. రెండు అరల ఫాయిల్ పౌచ్ చేయించండి, మధ్యలో పూర్తి సీలు ఉండాలి. ఇరవై ఆంప్యూల్‌లను 45 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి ప్రతి నెలా తూకం వేయండి. గడువు చివరికి తగ్గుదల 10 శాతం దాటకూడదు.

రెండు గుంటలు తారుమారవడం గురించి కరపత్రంలో పెద్ద అక్షరాలతో రాసే బదులు ఆకారం మార్చండి. రక్తం గుంట చిన్నదిగా, కప్పు పరికరం మూతి మాత్రమే పట్టేలా ఉండాలి. బఫర్ గుంట పెద్దదిగా, గరాటులా లోపలికి వాలి ఉండాలి. రక్తం గుంట పక్కన ఎర్ర చుక్క బొమ్మ, బఫర్ గుంట పక్కన ఆంప్యూల్ బొమ్మ. ఏ, బి అని అక్షరాలు వేస్తే వాటిని గుర్తుపెట్టుకోవడం ఆమె మీద పడే ఇంకో పని.

వేడి, తేమ, రంగు మారే లేబుళ్లు

మే నెలలో కొత్తగూడెం, భద్రాచలం వైపు నీడలోనే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఎండలో నిలబెట్టిన స్కూటర్ డిక్కీలో ఇంకా ఎక్కువ. కిట్ మీద 40 డిగ్రీలు మించొద్దని అచ్చువేస్తే మీ బాధ్యత తీరుతుందేమో, కిట్ మాత్రం బతకదు. ఆశా కార్యకర్త ఇంట్లో ఫ్రిజ్ లేదు.

స్మార్ట్ మెటీరియల్ (వేడికో తేమకో తనంతట తానే మారే పదార్థం) అనే మాటకు ఇక్కడ నిజమైన ఉపయోగం ఉంది. టీకా సీసాల మీది వీవీఎం (వ్యాక్సిన్ వయల్ మానిటర్) లేబుల్ చూసే ఉంటారు. గుండ్రటి వలయం లోపల లేత రంగు చతురస్రం. డయాసిటిలీన్ అనే పదార్థం వేడికి కొద్దికొద్దిగా పాలిమర్‌గా మారుతూ రంగు ముదురుతుంది. చతురస్రం చుట్టూ ఉన్న వలయంతో సమానంగా ముదిరితే ఆ సీసా పారేయాలి. 1996లో పోలియో చుక్కల సీసాలతో మొదలైంది. మన ఏఎన్‌ఎంలకు, చాలామంది ఆశాలకు దీన్ని చదవడం వచ్చు, కొత్తగా నేర్పక్కర్లేదు. అలాంటి లేబుల్‌ను ర్యాపిడ్ కిట్ మీద పెట్టడం మంచి ఆలోచనే, రెండు షరతులతో.

మొదటిది, లేబుల్ ముదిరే వేగం మీ స్ట్రిప్ పాడయ్యే వేగానికి సరిపడాలి. వీవీఎం14 అంటే 37 డిగ్రీల దగ్గర 14 రోజులకు గడువు తీరేది, వీవీఎం30 అంటే 30 రోజులకు. మీ పీఎల్‌డీహెచ్ గీత 37, 45, 55 డిగ్రీల దగ్గర ఎన్ని రోజులకు సగం బలహీనపడుతుందో ముందు కొలిచి, ఆ వంపుకు దగ్గరైన లేబుల్ రకాన్ని తీసుకోవాలి. ఒక్క ఉష్ణోగ్రత దగ్గర కలిసి మిగతా చోట్ల కలవకపోతే లేబుల్ బాగుందంటుంది, లోపల కిట్ పోయి ఉంటుంది. లేబుల్ లేకపోవడం కంటే ఇది అన్యాయం.

రెండోది, లేబుల్‌ను పెట్టె మీద వేస్తే చాలదు. పీహెచ్‌సీలో పెట్టె విప్పి, ఒక్కొక్కరికి అయిదారు పౌచ్‌లు విడిగా ఇస్తారు. పెట్టె అక్కడే ఉండిపోతుంది, లేబుల్ కూడా. పౌచ్‌కొక లేబుల్ ఖరీదనిపిస్తే అయిదు పౌచ్‌ల చిన్న ప్యాక్‌లు చేసి దాని మీద వేయండి.

కిట్‌ను ఎక్కువ వేడిలో ఉంచి గడువును అంచనా వేసే వేగవంతపు పరీక్షలో పది డిగ్రీలకు పాడయ్యే వేగం రెట్టింపవుతుందన్న లెక్క వాడతారు. దాని ప్రకారం 30 డిగ్రీల దగ్గర ఏడాది అంటే 45 దగ్గర సుమారు నాలుగు నెలల పది రోజులు. తొలి అంచనాకు ఇది పనికొస్తుంది, గడువు తేదీ అచ్చువేయడానికి చాలదు. ఒక హద్దు దాటాక ప్రోటీన్ మెల్లగా పాడవదు, ఒక్కసారిగా విచ్చుకుపోతుంది. అందుకే గది ఉష్ణోగ్రత దగ్గర నిజ సమయ పరీక్ష మొదటి రోజు నుంచే పక్కన నడుస్తుండాలి.

తేమ కథ వేరు. కాంజుగేట్‌ను సుక్రోజ్, ట్రెహలోజ్ కలిపి ఆరబెడతారు కదా, ఆ చక్కెర గాజులా గట్టిగా ఉన్నంతసేపే రేణువులు క్షేమం. పాడేరు, చింతపల్లి కొండల్లో వానాకాలం గాలికి ఆ చక్కెర తేమ పీల్చి జిగటగా మారుతుంది. తెరవగానే వాడాలని అందరూ రాస్తారు. గూడెంలో జ్వరాల సర్వే రోజున అరుగు మీద పది పౌచ్‌లు ముందే చింపి వరసగా పేరుస్తారు. పని తొందరగా అయ్యే మార్గం అదే మరి. కాబట్టి తెరిచిన కేసెట్‌ను 35 డిగ్రీలు, 85 శాతం తేమలో 0, 10, 30, 60, 120 నిమిషాలు ఉంచి పరీక్షించండి. గంట తట్టుకోకపోతే చక్కెర పాళ్లు, కేసెట్ బిగుతు మళ్లీ చూడండి. సిలికా జెల్‌లో తేమకు రంగు మారే గింజలు కొన్ని కలిపితే, ఇంతకుముందే గాలి చొరబడిన పౌచ్ చింపగానే బయటపడుతుంది. కోబాల్ట్ క్లోరైడ్ ఉన్న నీలం రకం వద్దు, నారింజ నుంచి ఆకుపచ్చకు మారే రకం తీసుకోండి.

పౌచ్‌కు రెండు పక్కలా చీలిక గాటు పెట్టించండి. గాటు లేకపోతే పళ్లతో లాగుతారు, కత్తెరతో కోస్తే లోపలి ఆంప్యూల్ కూడా తెగుతుంది.

సమయం, చూపు

15 నిమిషాల తర్వాత చదవాలి, 30 దాటితే చదవకూడదు అని ఉంటుంది. గడియారం లేక కాదు సమస్య, ఫోన్ అందరి దగ్గరా ఉంది. ఆ పావుగంటలో ఆశా కార్యకర్త పక్కింటికి వెళ్తుంది. తిరిగొచ్చేసరికి నలభై నిమిషాలు. మెంబ్రేన్ ఆరుతూ ద్రవం వెనక్కి పాకి, టి గీత దగ్గర ఎర్ర చార పేరుస్తుంది. దీనికి మందు అబ్సార్బెంట్ ప్యాడ్‌లో ఉంది. పడే ద్రవం మొత్తం 150 మైక్రోలీటర్లయితే ప్యాడ్ కనీసం 225 పట్టేలా ఉండాలి. కేసెట్‌లోని నొక్కుడు దిమ్మెలు ప్యాడ్‌ను మెంబ్రేన్‌కు వదులు లేకుండా అదమాలి. ఇవి సరిచేసి నెగెటివ్ కేసెట్‌లను 60 నిమిషాల దాకా గమనించండి. గంట దాకా తెల్లగా నిలిచేలా చేసి, కరపత్రంలో మాత్రం 30 అనే రాయండి. ఆ తేడా ఆమెకు మీరిచ్చే వెసులుబాటు.

15 నిమిషాలకు రంగు గీత దాటే చిన్న టైమర్ స్ట్రిప్ కేసెట్‌లోనే పెడదామని ఎవరో ఒకరు అంటారు. ప్రదర్శనలో బాగుంటుంది. కానీ కాగితంలో ద్రవం పాకే వేగం ఎండకూ తేమకూ మారుతుంది, మే నెలలో ఒక మాట, ఆగస్టులో ఒక మాట చెబుతుంది. దాని బదులు కేసెట్ మీద బాల్‌పెన్ పట్టే గరుకు జాగా 10 × 25 మి.మీ. వదిలి "చదవాల్సిన సమయం" అని అచ్చువేయండి. మొదలుపెట్టిన సమయం రాస్తే మళ్లీ కూడిక వేయాలి. చదవాల్సిన సమయమే రాస్తే చూడగానే తెలుస్తుంది. నున్నటి ప్లాస్టిక్ మీద పెన్ను జారుతుంది, అచ్చులోనే ఆ భాగాన్ని గరుకు చేయించాలి.

పలచని గీత కూడా పాజిటివే. ఇది చెప్పడం తేలిక, నమ్మించడం కష్టం, ఎందుకంటే కరపత్రాల్లో అచ్చువేసే బొమ్మల్లో గీతలన్నీ దిట్టంగా ఉంటాయి. నిజమైన కేసెట్‌ల ఫొటోలు, అదే పరిమాణంలో, అత్యంత పలచని పాజిటివ్‌తో మొదలుపెట్టి అచ్చువేయండి. రంగు కూడా ఆలోచించండి. బంగారు గీత ఎరుపు, దాని వెనక మిగిలే రక్తపు ఛాయ కూడా ఎరుపే. నీలం లేటెక్స్ రేణువులైతే ఆ నేపథ్యం మీద విడిగా కనబడతాయి. కాంజుగేట్ పని కొంత మళ్లీ చేయాలి గానీ, నలభై దాటి దగ్గరి చూపు తగ్గినవాళ్లు సందె వెలుతురులో చదివే కిట్‌కు అది పరిశీలించదగినదే. మార్చే ముందు రుజువు చూసుకోండి: పరాన్నజీవి లేని ఖాళీ నమూనా, గుర్తింపు హద్దు (కిట్ పట్టగల అతి తక్కువ మోతాదు) దగ్గర, దానికి రెట్టింపు, ఇలా మూడు రకాల కేసెట్‌లను కలిపేసి, 100 లక్స్ మసక వెలుతురులో కళ్లద్దాలు పెట్టుకోని వాళ్ల చేత చదివించండి.

సి, టి అక్షరాలను తెలుగులోకి మార్చాలన్న ఉత్సాహం ఉంటే ఆపుకోండి. వాళ్ల చేతిలో ఇప్పటికే వేరే మలేరియా కిట్లు, గర్భ నిర్ధారణ నిశ్చయ్ కిట్ ఉన్నాయి. మీ ఒక్క కిట్‌లో గుర్తులు వేరుగా ఉంటే, కంగారులో పాత అలవాటే గెలుస్తుంది. గీతల వరస కూడా వాళ్లకు సరఫరాలో వస్తున్న కిట్‌లో ఎలా ఉందో అలాగే పెట్టండి.

యాప్ విషయం. ఫోన్ కెమెరా తనంతట తానే వెలుతురు, తెలుపు సరిచేస్తుంది, పలచని గీత అందులోనే కొట్టుకుపోతుంది. ఫోన్‌కూ ఫోన్‌కూ తేడా. సిగ్నల్ లేని చోట్ల ఫలితం ఆగిపోకూడదు. ఫొటో తీసి దాచడానికి, తర్వాత పీహెచ్‌సీలో సరిచూడటానికి యాప్ పనికొస్తుంది. పాజిటివా కాదా అని తేల్చే అధికారం దానికివ్వొద్దు.

శిక్షణ ఎక్కడ సరిపోతుందో చూపే మంచి లెక్క ఒకటి ఉంది. జాంబియాలో గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు కంపెనీ కరపత్రం మాత్రమే ఇస్తే 57 శాతం దశలు సరిగా చేశారు. వాళ్ల కోసమే బొమ్మలతో రూపొందించిన కార్డు ఇస్తే 80 శాతం. కార్డుతో పాటు మూడు గంటల శిక్షణ ఇస్తే 92. ఈ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. పెద్ద గెంతు కార్డు దగ్గరే వచ్చింది, దాన్ని మీరు ఆఫీసులో కూర్చుని రాయకండి. ముసాయిదా ఇచ్చి, కిట్ చేయించి, ఎక్కడ ఆగి కార్డు వైపు చూస్తారో అక్కడి బొమ్మ మార్చండి.

గమనించేటప్పుడు సాయం చేయకూడదు, తప్పు జరుగుతుంటే "అమ్మా, అలా కాదు" అనకూడదు. మాట్లాడకుండా చేతుల మీదికి కెమెరా పెట్టండి. నిజమైన రోగి ఫలితం ముడిపడి ఉన్నప్పుడు మాత్రం పక్కనే ల్యాబ్ టెక్నీషియన్ రెండో పరీక్ష చేయాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే ఉండాలి. ఎంతమంది కావాలి? పదిమందిలో ఒకరు చేసే తప్పు అయిదుగురిని చూస్తే కంటపడే అవకాశం 41 శాతమే, 15 మందిని చూస్తే 79, 30 మందైతే 96. డిజైన్ మారుతున్న దశలో అయిదారుగురు చాలు, మార్చి మళ్లీ చూడండి. చివరి నిర్ధారణకు ఆశాలు 15 మంది, ల్యాబ్ టెక్నీషియన్లు 15 మంది, విడివిడిగా. వైద్య పరికరాల వాడుక సౌలభ్యానికి ఉన్న ఐఈసీ 62366-1 ప్రమాణం అడిగే వాడుక నమోదు ఇదే. మెడికల్ డివైజెస్ రూల్స్ 2017 కింద లైసెన్సుకు వెళ్లేటప్పుడు ఐఎస్‌ఓ 13485 (నాణ్యత నిర్వహణ), 14971 (ప్రమాద నిర్వహణ) కాగితాలతో పాటు పనికొస్తుంది.

ఫలితం తర్వాతి అడుగు కూడా మీ కార్డులో ఉండాలి. జ్వరం తగ్గి మందు వాడాక కూడా హెచ్‌ఆర్‌పీ2 వారాల తరబడి రక్తంలో ఉంటుంది, కాబట్టి నయమైందా అని చూడటానికి ఆ గీతను వాడకూడదు. పరాన్నజీవులు విపరీతంగా ఉన్న రోగిలో యాంటిజెన్ (కిట్ పట్టే పరాన్నజీవి ప్రోటీన్) మితిమీరి గీత పలచగా రావచ్చు, పలచని గీత అంటే తేలికపాటి జబ్బు కాదు. నెగెటివ్ వచ్చినా జ్వరం పోకపోతే రక్తపూత తీయాలి. ఫాల్సిపారమ్ మాత్రలు వయసును బట్టి వేర్వేరు రంగు ప్యాకెట్లలో వస్తాయి. కార్డు మీద వయసు పక్కన ఆ రంగే వేస్తే ఆమె ఇంకో పుస్తకం తెరవనక్కర్లేదు. గుచ్చిన సూదికి గుచ్చుకోని తెల్ల డబ్బా, 25 సూదులు పట్టేది, పెట్టెలోనే ఇవ్వండి. నిండాక పీహెచ్‌సీకి తిరిగి ఇచ్చే దారి కూడా ముందే మాట్లాడి ఉంచాలి.

మొదలుపెట్టడానికి డబ్బు ఖర్చు లేని పనులు మూడున్నాయి. వెనక్కొచ్చిన కేసెట్‌లను పైన చెప్పిన నాలుగు రకాలుగా విడదీయండి. గోదాములోని అత్యంత పాత లాట్ నుంచి ఆంప్యూల్‌లు తీసి తూకం వేయండి. ఆశాల దగ్గరున్న పౌచ్‌లు కొన్ని తెప్పించి, అదే లాట్‌లో ఏసీ గదిలో ఉంచినవాటితో పక్కపక్కన, పరాన్నజీవులు తక్కువున్న వైవాక్స్ నమూనా మీద నడపండి. తేడా వస్తే వేడి, రాకపోతే చేతి కొలత. ఏదైనా మార్చేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే మార్చండి. బఫర్, కప్పు, ప్యాడ్ మూడూ ఒకే లాట్‌లో మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, తర్వాతి లాట్‌లో మళ్లీ చెడితే ఎక్కడ వెతకాలో అసలే తెలియదు.